"మిస్సింగ్ కొడుతోంది, ప్లగ్ మార్చెయ్యన్నా": బండి మిస్సింగ్ మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్నే నా మెకానిక్ షెడ్డు షట్టర్ ఎత్తేసరికి ఎవరో ఒకరు బండి స్టాండేసి నిలబడి ఉంటారు. "అన్నా, మిస్సింగ్ కొడుతోంది, ప్లగ్ మార్చెయ్." జబ్బూ వాళ్లే చెప్తారు, మందూ వాళ్లే రాస్తారు. నేను మాత్రం బండి ముట్టుకోకుండా ముందు ఒకటే అడుగుతాను: ఎప్పుడు కొడుతోంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ఇంజన్ కాలాకా? స్లో స్పీడులోనా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా, టాప్ గేర్‌లో లాగినప్పుడా? రోజూనా, వాన పడితేనే? దీనికి సరైన జవాబొస్తే స్పానర్ పట్టకముందే సగం పని అయిపోయినట్టు.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పుట్టాలి. ఆ మంటకి స్పార్కు (ప్లగ్ కొట్టే నిప్పురవ్వ), పెట్రోలు, గాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) నాలుగూ వేళకి అందాలి. వీటిలో ఏది తప్పినా మంట తప్పుతుంది, అదే మిస్సింగ్. ఏది తప్పినా సీటు మీద కూర్చున్నవాడికి తెలిసేది ఒకటే కుదుపు. అందుకే ఇన్ని అపోహలు.

అపోహ: మిస్సింగ్ అంటే ప్లగ్ పోయినట్టే.

ప్లగ్ పోవడం ఉంది, కాదనను. కానీ చాలాసార్లు ప్లగ్ దొంగ కాదు, సాక్షి. విప్పి చూడండి. పొడిగా మసిబొగ్గులా ఉంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. జిడ్డుగా నల్లగా ఉంటే లోపలికి ఆయిల్ దిగుతోంది. తెల్లగా కాలిపోయినట్టుంటే పెట్రోలు చాలడం లేదు. లేత ఇటుక రంగులో ఉంటే దాని జోలికి పోవద్దు. జిడ్డు ప్లగ్ తీసి కొత్తది వేస్తే బండి నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఐదో రోజు మళ్లీ మన షెడ్డు ముందే ఉంటుంది.

ప్లగ్ కంటే దాని టోపీని ఎవరూ పట్టించుకోరు. పగిలిన క్యాప్‌లోంచి కరెంటు ప్లగ్ దాకా పోకుండా పక్కనున్న సిలిండర్ హెడ్డుకి దూకేస్తుంది. రాత్రి లైట్లార్పి, ఇంజన్ ఆన్ చేసి, క్యాప్ మీదా వైరు మీదా కొంచెం నీళ్లు చిలకరించి దూరంగా నిలబడి చూడండి. పగులుంటే నీలం గీతలు మెరుస్తాయి. వానాకాలంలోనే మిస్ కొట్టే బండ్లలో నేను మొదట చూసేది ఇదే. ఇంకో సంగతి, పల్సర్ 150 డీటీఎస్-ఐ లాంటి వాటికి రెండు ప్లగ్గులుంటాయి. ఒకటి చచ్చినా బండి నడుస్తుంది, కాకపోతే పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది. చాలామంది ఒక ప్లగ్ తుడిచి, రెండోది ఉందన్న సంగతే మర్చిపోతారు.

అపోహ: ప్లగ్ బయట పెట్టి కిక్ కొడితే స్పార్కు వచ్చింది, ఇక ఇగ్నిషన్‌లో తప్పులేదు.

బయట మామూలు గాలిలో దూకే స్పార్కు వేరు. సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయి ఉంటుంది, అక్కడ అదే గ్యాప్ దూకాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఓల్టేజీ కావాలి. నీరసించిన కాయిల్ (ప్లగ్‌కి ఓల్టేజీ పెంచి పంపేది) బయట పాసై లోపల ఫెయిలవుతుంది. అందుకే లోడులోనే మిస్ కొడుతుంది: ఇద్దరు ఎక్కినప్పుడు, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు.

పైగా మన ఎండలు. రోహిణి కార్తెలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన బండిలో కాయిల్, పికప్ కాయిల్ (స్పార్కు వేళ చెప్పేది) ఎంత కాగుతాయో చెయ్యి పెడితే తెలుస్తుంది. లోపల తీగ సన్నగా తెగి ఉంటే వేడికి విడిపోతుంది, చల్లారాక అతుక్కుంటుంది. అరగంట నడిచి ఆగి, ఇరవై నిమిషాలు నీడన పెడితే మళ్లీ స్టార్టయ్యే బండిని షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు ఎంత చెక్ చేసినా అంతా బాగానే ఉందంటుంది. ఆగిపోయిన ఆ వేడిలోనే మీటర్ పెట్టి రెసిస్టెన్సు చూడాలి. ఒక్క జాగ్రత్త, నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్ క్యాప్ పీకి చూసే అలవాటు మానుకోండి. షాక్ సంగతి సరే, దూకడానికి దారి దొరక్క కాయిలూ, స్పార్కుని నడిపే సీడీఐ పెట్టే కూడా దెబ్బతింటాయి.

అపోహ: కొంచెం దూరం పోయి ఆగుతోందంటే కార్బురేటర్‌లో (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) చెత్త.

గుంటూరు నుంచి రోజూ విజయవాడ వచ్చే కుర్రాడొకడు ఉన్నాడు. బండి మంగళగిరి వైపు నుంచి వచ్చేటప్పుడు బాగానే ఉండేది, సాయంత్రం తిరుగు ప్రయాణంలో కాజ టోల్‌గేట్ చేరేలోపు కొట్టుకుని కొట్టుకుని ఆగేది. నా దగ్గరికి వచ్చేసరికే కొత్త ప్లగ్, కొత్త కాయిల్, రెండుసార్లు కార్బురేటర్ సర్వీసు, అన్నీ అయిపోయాయి.

"ఆగాక ఏం చేస్తావు బాబూ?" అన్నాను.

"ఏముందన్నా, మూత తీసి ట్యాంకులో పెట్రోలుందో లేదో చూస్తాను. ఉంటుంది. మూతేసి కిక్ కొడితే స్టార్టయిపోతుంది."

పెట్రోలు చూడటానికి మూత తీస్తున్నాడు గానీ, అదే వైద్యమని వాడికి తెలియదు. ట్యాంకులో పెట్రోలు దిగేకొద్దీ పైనుంచి గాలి లోపలికి రావాలి. దానికి మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే లోపల గాలి పలచబడి పెట్రోలు కిందికి దిగదు. సీసాని బోర్లించి మూతి మీద వేలు పెట్టినట్టు. పొద్దున ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు తొందరగా ఆగేదట. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ మరి, తొందరగానే పీల్చుకుపోతుంది. గాలి కొట్టి రంధ్రం శుభ్రం చేశాను. పాత కాయిల్ పారేయకుండా దాచుకున్నాడో లేదో అడగలేదు, బాధపడతాడని.

అలాగని కార్బురేటర్ తప్పు ఎప్పుడూ ఉండదనీ కాదు. స్లో స్పీడులో మాత్రమే కొడుతూ రేజ్ చేస్తే సర్దుకుంటే స్లో జెట్ (స్లో స్పీడులో పెట్రోలు వదిలే సన్నటి రంధ్రం) చూడాలి. ఫుల్ యాక్సిలరేటర్‌లోనే కొడితే మెయిన్ జెట్ (వేగంలో పెట్రోలు వదిలేది), పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి), పైపు. చౌక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) కూడా మంచి పరికరమే. మిస్ కొడుతున్నప్పుడు చౌక్ కొంచెం లాగండి. బాగుపడితే పెట్రోలు చాలట్లేదు, లేదా కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలి దొంగ గాలి వస్తోంది. ఇంకా పాడైతే పెట్రోలే ఎక్కువవుతోంది. పైసా ఖర్చు లేని పరీక్ష.

అపోహ: పెట్రోలులో నీళ్లున్నాయంటే బంకువాడు కలిపాడు.

ఇప్పుడు మనకి దొరికే ఈ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి మూలన పెట్టిన బండిలో, మూత రబ్బరు చిరిగి వాన నీరు దిగిన ట్యాంకులో, పీల్చుకునే హద్దు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి అడుగుకి చేరతాయి. ఇంజన్‌కి మొదట అందేది అదే. ఇంజన్ చల్లారాక, కార్బురేటర్ కింద డ్రైన్ స్క్రూ వదిలి, గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున గీత తెలుస్తుంది. బంకు మీద గొడవకి వెళ్లే ముందు ఈ సీసా చూసుకోవడం మంచిది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నానాయో ఊరంతా చూసింది. అలాంటి బండికి ఆయిల్ మార్చి, సిలిండర్ ఆరబెట్టి నడిపితే అయిపోయిందనుకుంటారు. వైర్లు కలిసే కప్లర్లలో దూరిన బురద నీరు మాత్రం మెల్లగా తన పని తాను చేస్తూనే ఉంటుంది. కొన్ని నెలలకి పిన్నులు పచ్చగా చిలుముపట్టి మిస్సింగ్ మొదలవుతుంది. ఇంజన్ విప్పనక్కర్లేదు, కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీసి శుభ్రం చేసుకుంటూ రావాలి. విసుగు పని, బిల్లు తక్కువ, అందుకే ఎవరూ చెయ్యరు.

అపోహ: ఖరీదైన పెట్రోలు కొట్టిస్తే పోతుంది.

పోదు. ఆక్టేన్ ఎక్కువంటే ఇంజన్ కొట్టుకోకుండా తట్టుకునే గుణం ఎక్కువని. తెగిన వైరుని అది అతికించదు.

అపోహ: ట్యాపెట్ (వాల్వుని నొక్కి తెరిచే మీట) చప్పుడు లేదంటే వాల్వులు బాగున్నట్టే.

ఇది నాకు ఒళ్లుమండే అపోహ. "చప్పుడు తగ్గించు మేస్త్రీ" అని అడిగి మరీ ట్యాపెట్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ బిగించుకుంటారు. వదులైన ట్యాపెట్ అరుస్తుంది, బిగిసినది నోరెత్తదు. ఇంజన్ కాలితే వాల్వు కాడ సాగుతుంది, గ్యాప్ లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లో స్పీడులో కొట్టుకుని, ఆపితే మళ్లీ కిక్కుకి లొంగని బండి ఎక్కువగా ఇదే. అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, మాన్యువల్లో ఆ బండికి రాసిన గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (గ్యాప్ కొలిచే సన్నటి రేకు) పెట్టాలి, చెవితో కాదు. సిలిండర్ అరిగింది, బోరు చెయ్యాలని ఎవరైనా అంటే కూడా ముందు ట్యాపెట్ సరిచేయించి కంప్రెషన్ గేజ్ పెట్టమనండి.

అపోహ: బీఎస్6 బండికి స్కానర్ పెడితే తప్పేదో అదే చెప్తుంది.

బీఎస్6 పొగ నిబంధన కింద 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ బదులు ఇంజెక్షనే. స్కానర్ ఏ వీధిలో గొడవో చెప్తుంది, ఏ ఇంట్లోనో చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) కోడ్ చూపించిందని సెన్సర్ మార్చేస్తారు. పెట్రోల్ పంపు ప్రెషర్ తగ్గినా, సైలెన్సర్ జాయింటు లీకైనా అదే కోడ్ రావచ్చు. బ్యాటరీ లేకపోయినా కిక్ కొట్టి నడిపిన పాత బండ్ల అలవాటు ఇక్కడ పనికిరాదు. పంపుకీ ఈసీయూకీ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఓల్టేజీ సరిగా అందాలి, టెర్మినల్ వదులైతే గుంతలో పడ్డప్పుడల్లా కుదుపే. సైడ్ స్టాండ్ స్విచ్ ఉన్న బండికి అక్కడ మట్టి పేరుకున్నా ఇదే వరస.

అపోహ: కుదుపు వస్తే మిస్సింగే.

పోయిన వారం పటమట నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "ముప్పైలో పోతుంటే గుంజుతోందయ్యా, ప్లగ్ మార్చెయ్" అన్నారు. న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చేస్తే ఇంజన్ గడియారంలా పలికింది. సెంటర్ స్టాండేసి వెనక చక్రం చేత్తో తిప్పాను. చైన్ ఒకచోట వీణ తీగలా బిగుసుకుంటోంది, అర చుట్టు తిప్పితే జారిపోయేంత వదులు. ప్లగ్ మార్చమన్న ఆయన చైన్ సెట్ వేయించుకుని వెళ్లారు.