పక్క పొలం ఏం చేస్తుందో కనబడితే

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ఊర్లలో యాసంగి వస్తే బోరు రైతుకు పట్టుకునే రంధి ఒకటుంది: నేను వరి మాని పల్లి వేస్తే, మిగిలిన నీళ్లు పక్కాయన మోటరు గుంజుకోదా? ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు. పల్లికి 500 అనుకుంటే 20 లక్షలే. కానీ ఆ 28 లక్షల లీటర్లు భూమిలో వదిలినవాడికి మిగిలేది కొంతే.

మనిషిని కదిలించేది స్వలాభమొక్కటే అన్నది అర్థశాస్త్రానికి మొదటి సూత్రమని 1881లో ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ రాశాడు. దాన్ని పరీక్షించే ఆట ఒకటుంది. నలుగురికి తలా 20 టోకెన్లు ఇస్తారు. వేయనివి ఎవరివి వాళ్లకే. ఉమ్మడి నిధిలో వేసిన ప్రతి టోకెనుకూ నలుగురిలో ఒక్కొక్కరికి 0.4 టోకెను చొప్పున వస్తుంది. అందరూ మొత్తం వేస్తే తలా 32. ఎవరూ వేయకపోతే 20. ముగ్గురు వేసి ఒకడు దాచుకుంటే వాడికి 44, మిగతావాళ్లకు 24. స్వార్థమే నిజమైతే ఉమ్మడిలో ఒక్కటీ పడకూడదు. పడుతుంది. మొదటి విడతలో దాదాపు సగం పడుతుంది, విడత విడతకూ తగ్గుతుంది.

ఈ తగ్గుదలను చూసి, చివరికి అందరూ స్వార్థపరులేనని చాలామంది తప్పుగా చదువుతారు. ఆర్థికవేత్తలు ఫిష్‌బాకర్, గెక్టర్, ఫేర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో ‘మిగతావాళ్లు ఇంత వేస్తే నువ్వెంత వేస్తావు?’ అని అడిగి చూశారు. ఏమీ వేయనివాళ్లు సుమారు 30 శాతమే. సగం మంది ఎదుటివాళ్లు వేసేకొద్దీ వేస్తారు, కాకపోతే వాళ్లకన్నా కాస్త తక్కువ. ఆ కాస్తే పేరుకుని ఉమ్మడిని ఎండగొడుతుంది. అమర్త్య సేన్ 1977లో చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది: ఎదుటివాడి బాధ చూసి మనకు బాధ కలగడం వేరు, నష్టమని తెలిసీ కట్టుబడడం వేరు. నీళ్లు తోడకుండా భూమిలో వదలడానికి రెండోది కావాలి. నేనొక్కణ్నే మోసపోతున్నానేమో అనే అనుమానం దాన్ని తొందరగా చంపేస్తుంది.

జరిమానా పెడితే? ఇజ్రాయెల్ పిల్లల సంరక్షణ కేంద్రాల్లో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు పెరిగాయి, జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు. డబ్బు కట్టాక మొహమాటమెందుకు?

నల్గొండ, మహబూబ్‌నగర్ కలిపి ఏడు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నడిపిన భూగర్భజల పథకం నిషేధమూ, జరిమానా లేకుండానే సాగింది. రైతులే వాన, బోర్ల నీటిమట్టం కొలిచి, యాసంగికి ముందు ఉన్న నీళ్లెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవెన్ని అని ఊరందరి ముందు లెక్క వేశారు. చాలాచోట్ల వరి తగ్గింది.

ఇప్పుడు అలాంటి లెక్క పెట్టే ఊరు నీటిమట్టం ఒక్కటే బోర్డుమీద రాస్తే చాలదు. మట్టం చెప్పేది ఎంత పోయిందన్నదే, ఎవరు ఆగారన్నది కాదు. ఏ బోరు కింద ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల పల్లి అన్నది కూడా, నారు పోయకముందే, పక్కన రాయాలి.