ఇంగ్లండ్ పడవ ఎక్కిన ఐర్లండ్ కుర్రాళ్లు

డబ్లిన్‌లోని కాబ్రా పేటలో రైలు పట్టాల మీదుగా వెళ్లే ఒక వంతెనకు లియమ్ వీలన్ పేరు పెట్టారు. వీలన్ ఆ పేట కుర్రాడే. హోమ్ ఫామ్ అనే స్థానిక క్లబ్‌లో ఆడుతూ మాంచెస్టర్ యునైటెడ్ కంట్లో పడ్డాడు. 1956-57 సీజన్‌లో ఆ జట్టుకు 33 గోల్స్ కొట్టాడు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో చనిపోయేనాటికి అతనికి 22 ఏళ్లే.

ఐర్లండ్ ఫుట్‌బాల్‌లో ఎవరి కథ తీసినా ఇలా ఇంగ్లండ్ ప్రయాణంతోనే మొదలవుతుంది. మాంచెస్టర్ యునైటెడ్ కోసం బిల్లీ బీహన్ అనే స్కౌట్ డబ్లిన్‌లోనే ఉంటూ ఏ మైదానంలో ఏ పిల్లవాడు బాగా ఆడుతున్నాడో కనిపెట్టేవాడు. పిల్లలు పదిహేనేళ్లకే ఇల్లు వదిలేవాళ్లు. పరాయి ఊళ్లో ఎవరింట్లోనో ఒక గదిలో ఉంటూ, ఇంటి మీద బెంగను దిగమింగుకుంటూ ఆడేవాళ్లు. నిలబడ్డవాళ్ల పేర్లే మనకు తెలుసు. చదువు మధ్యలో ఆపేసి వెళ్లి, రెండు మూడేళ్లకు ఉత్త చేతులతో తిరిగొచ్చిన పిల్లలు అంతకన్నా చాలా ఎక్కువమంది.

జాతీయ జట్టుకు మాత్రం దీనివల్ల లాభమే జరిగింది. 1949లో గుడిసన్ పార్క్‌లో ఐర్లండ్ 2-0తో ఇంగ్లండ్‌ను ఓడించింది. బ్రిటన్ బయటి జట్టు ఇంగ్లండ్‌ను దాని సొంతగడ్డ మీద ఓడించడం అదే మొదటిసారి. అప్పటి ఐర్లండ్ కెప్టెన్ జానీ కేరీయే మాంచెస్టర్ యునైటెడ్‌కూ కెప్టెన్. 1979లో ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఆర్సెనల్ తరఫున ముగ్గురు డబ్లిన్ కుర్రాళ్లు ఆడారు: లియమ్ బ్రాడీ, ఫ్రాంక్ స్టేపుల్టన్, డేవిడ్ ఒలీరీ. ఆర్సెనల్ 2-0 ఆధిక్యం చివరి నిమిషాల్లో 2-2 అయిపోయింది. అంత టెన్షన్‌లో, మేజోళ్లు చీలమండల దాకా జారిపోయి ఉండగా బ్రాడీ బంతిని ముందుకు తీసుకెళ్లాడు. అతని నుంచి గ్రాహం రిక్స్‌కు, అక్కడి నుంచి అలన్ సండర్లండ్‌కు చేరిన బంతి గోల్ అయింది. కప్పు ఆర్సెనల్‌దైంది.

1986లో జాక్ చార్ల్టన్ ఐర్లండ్ మేనేజర్‌గా వచ్చాడు. ఆయనే ఇంగ్లండ్ వాడు, ఆ దేశం తరఫున 1966 ప్రపంచ కప్ గెలిచినవాడు. తల్లిదండ్రుల్లో ఒకరో, అమ్మమ్మో తాతయ్యో ఐర్లండ్‌లో పుట్టి ఉంటే చాలన్న నిబంధనను ఆయన పూర్తిగా వాడుకున్నాడు. లివర్‌పూల్‌లో పుట్టిన జాన్ ఆల్డ్రిడ్జ్, గ్లాస్గోలో పుట్టిన రే హౌటన్ అలా ఐర్లండ్ ఆకుపచ్చ చొక్కా వేసుకున్నవాళ్లే. 1988లో యూరప్ దేశాల కప్పు యూరోలో హౌటన్ హెడర్‌తో ఇంగ్లండ్ ఓడింది. 1990 ప్రపంచ కప్‌లో ఐర్లండ్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. 1994లో ఇటలీని ఓడించింది.

ఆ విజయాల సందడిలో ఒక లోటు ఎవరికీ పట్టలేదు. ఆటగాళ్లను తయారుచేసే పనంతా ఐర్లండ్ పొరుగువాళ్లకు వదిలేసింది. ఇంట్లో పొయ్యి వెలిగించకుండా పక్కింటి భోజనం మీద ఆధారపడ్డట్టు.

1992 ఆగస్టులో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు తొలి రౌండ్ మ్యాచ్‌ల్లో బరిలో దిగిన విదేశీయులు 13 మందే. ఐరిష్ వాళ్లను ఆ లెక్కలో చేర్చనే లేదు, వాళ్లు ఇంటివాళ్ల కిందే లెక్క. 1995లో బోస్మన్ అనే ఆటగాడి కేసులో యూరోపియన్ కోర్టు తీర్పు వచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఉచితంగా క్లబ్ మారవచ్చు, యూరోపియన్ యూనియన్ ఆటగాళ్ల మీద సంఖ్యా పరిమితి ఉండకూడదు అని తేలింది. పైగా టీవీ డబ్బు వచ్చిపడింది. 1999 డిసెంబర్ 26న చెల్సీ మొదటి పదకొండు మందిలో ఒక్క బ్రిటిష్ ఆటగాడూ లేడు. 1990లో ఐర్లండ్ క్లబ్ కోవ్ రాంబ్లర్స్ నుంచి రాయ్ కీన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 47,000 పౌండ్లకు కొనుక్కుంది. ఇప్పుడు అదే క్లబ్బులు బ్రెజిల్ నుంచి సెనెగల్ దాకా ఎవరినైనా కొనగలవు. డబ్లిన్ కుర్రాడు ప్రపంచం మొత్తంతో పోటీపడాలి.

దెబ్బ వెంటనే తెలియలేదు. రాబీ కీన్, డేమియన్ డఫ్‌ల తరం 2002 ప్రపంచ కప్‌కు వెళ్లింది. ఆ తర్వాత 2006 నుంచి 2022 దాకా జరిగిన ఒక్క ప్రపంచ కప్‌కూ ఐర్లండ్ అర్హత సాధించలేదు. 2012, 2016 యూరోలకు వెళ్లింది కానీ తర్వాతి రెండు యూరోలకు దూరమైంది. అమ్మమ్మల దారి కూడా ఎదురు తిరిగింది. ఐర్లండ్‌కు మూడు సీనియర్ మ్యాచ్‌లు ఆడిన డెక్లన్ రైస్ 2019లో ఇంగ్లండ్ వైపు వెళ్లిపోయాడు.

విదేశీయులు వచ్చి మన చోటు లాక్కున్నారన్న మాట నేను పూర్తిగా ఒప్పుకోను. క్రొయేషియా జనాభా ఐర్లండ్ కన్నా తక్కువ. అయినా 2018లో ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. డినామో జాగ్రెబ్ లాంటి క్లబ్బులు పిల్లలను ఇంటి దగ్గరే తీర్చిదిద్దాయి. ఐర్లండ్ లీగ్‌కు ఆ శ్రద్ధ దక్కలేదు. ఐర్లండ్ క్లబ్ స్లైగో రోవర్స్‌లో ఆడుతున్న షేమస్ కోల్‌మన్‌ను 2009లో ఎవర్టన్ కేవలం 60,000 పౌండ్లకు తీసుకుంది. తర్వాత అతను అదే ఎవర్టన్‌కు కెప్టెన్ అయ్యాడు. సొంత లీగ్‌లో ఎంత విలువ ఉందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

చివరికి మార్పు బ్రెగ్జిట్ వల్ల, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం వల్ల తప్పనిసరైంది. ఐరిష్ వాళ్లకు బ్రిటన్‌లో వర్క్ పర్మిట్ అక్కర్లేదు. కానీ 18 ఏళ్లు నిండకుండా దేశం దాటి క్లబ్ మారకూడదని ఫిఫా నియమం. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం 16 ఏళ్లకే వెళ్లవచ్చు. 2021 జనవరి నుంచి బ్రిటన్‌కు ఆ సడలింపు లేదు. దాంతో కొందరు ఇటలీ వైపు చూశారు. షామ్‌రాక్ రోవర్స్ కుర్రాడు కెవిన్ జెఫీ ఇంటర్ మిలన్‌కు వెళ్లాడు. మిగతావాళ్లు ఇంటి దగ్గరే పెద్దవాళ్ల జట్లలో ఆడుతూ ఎదుగుతున్నారు.

2025 నవంబర్ 16న బుడాపెస్ట్‌లో ఐర్లండ్ 3-2తో హంగరీని ఓడించి ప్రపంచ కప్ ప్లేఆఫ్‌కు చేరింది. మూడు గోల్సూ ట్రాయ్ పారట్‌వే, చివరిది 96వ నిమిషంలో. పారట్ చిన్నప్పుడే టోటెన్‌హామ్‌కు వెళ్లాడు. అక్కడ చోటు దొరక్క ఏళ్ల తరబడి లోన్ మీద, అంటే అరువు ఆటగాడిగా క్లబ్బులు తిరిగాడు. చివరికి నెదర్లాండ్స్‌లోని ఏజెడ్ ఆల్క్‌మార్‌లో నిలదొక్కుకున్నాడు.

అదే టోటెన్‌హామ్ 2025లో సెయింట్ ప్యాట్రిక్స్ అథ్లెటిక్ కుర్రాడు మేసన్ మెలియాతో ఒప్పందం చేసుకుంది, అదీ ఐర్లండ్ లీగ్‌లో రికార్డు ధరకు. కానీ అతను వెంటనే వెళ్లలేదు. ఆ సీజన్ అంతా డబ్లిన్‌లోని రిచ్‌మండ్ పార్క్‌లో, సొంత అభిమానుల ముందే ఆడాడు.