పన్ను ఈ ఏడాది, నీడ ఇరవై ఏళ్లకు

ఆగస్టు వచ్చిందంటే మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇంటింటికీ కౌన్సిల్ పన్ను నోటీసు చేరుతుంది. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ పేటల్లో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఇవి చాలావరకు విండమ్ నగర కౌన్సిల్, అంటే ఇక్కడి పురపాలక సంస్థ, పరిధిలోనివి. నోటీసు అందిన వారంలో నలుగురు తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. ఒకటి, పన్ను మళ్లీ పెరిగింది. రెండోది, ఇంత కడుతున్నా వీధిలో నిలబడడానికి చెట్టు నీడ లేదు. ఈ రెండింటికీ మధ్య చాలామంది అనుకునే దానికంటే దగ్గరి సంబంధం ఉంది. ముందు పన్ను లెక్క చూద్దాం.

విక్టోరియా రాష్ట్రంలో ఇంటి పన్నుకు ఆధారం స్థలం, కట్టడం కలిపిన మార్కెట్ విలువ. 2019 నుంచి రాష్ట్ర ప్రభుత్వ వాల్యుయర్ జనరల్ ఆధ్వర్యంలో ఏటా ఈ విలువ కడుతున్నారు. ఇంటి విలువ పెరిగితే కౌన్సిల్ ఖజానా కూడా ఆ మేరకు నిండుతుందని ఎక్కువమంది అనుకుంటారు. జరిగేది అది కాదు. కౌన్సిల్ తనకు రావలసిన మొత్తాన్ని ముందు నిర్ణయించుకుని, దాన్ని ఊరిలోని ఆస్తులన్నిటి విలువతో భాగిస్తుంది. డాలరుకు ఇన్ని సెంట్లు అనే అంకె అలా వస్తుంది.

మూడే ఇళ్లున్న ఊరిని ఊహించుకోండి. విలువలు 5 లక్షలు, 6 లక్షలు, 9 లక్షల డాలర్లు. కౌన్సిల్‌కు కావలసింది 5,000 డాలర్లు. వాటాలు వరుసగా 1,250, 1,500, 2,250 పడతాయి. మరుసటి ఏడాది మూడిళ్ల విలువా రెట్టింపైనా ఈ వాటాలు మారవు. అలా కాకుండా మధ్య ఇల్లు ఒక్కటే 8 లక్షలకు పెరిగి, కౌన్సిల్ రాబడి 3 శాతం పెరిగిందనుకుందాం. మొత్తం 5,150 డాలర్లు. వాటాలు 1,170, 1,873, 2,107. ఇద్దరికి పన్ను తగ్గింది, ఒకరికి దాదాపు 25 శాతం పెరిగింది. కౌన్సిల్ మాత్రం 3 శాతమే పెంచామని చెబుతుంది, అది నిజమే.

ఆ 3 శాతం గాలిలోంచి తీసిన అంకె కాదు. 2016–17 నుంచి విక్టోరియాలో కౌన్సిళ్లు పన్ను ఎంత పెంచవచ్చో రాష్ట్ర ప్రభుత్వమే పరిమితి విధిస్తోంది. మొదటి ఏడాది అది 2.5 శాతం, 2021–22లో 1.5, 2024–25లో 2.75, 2025–26లో 3 శాతం. ఈ పరిమితి కౌన్సిల్ పరిధిలోని సగటు పన్నుకే గాని ఒక్కొక్క ఇంటికి కాదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చినప్పుడు ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న హద్దు ఒక్కొక్క ఆస్తికి వర్తించింది. అక్కడి నుంచి వచ్చినవారు ఇక్కడి పరిమితినీ అలాగే అర్థం చేసుకుని, నోటీసు చూసి మోసపోయామనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నోటీసులో చెత్త సేకరణ రుసుము, రాష్ట్రం తరఫున కౌన్సిల్ వసూలు చేసిపెట్టే అత్యవసర సేవల నిధి కూడా విడివిడిగా ఉంటాయి. ఆ నిధి డబ్బు కౌన్సిల్‌ది కాదు. తిట్లు మాత్రం కౌన్సిల్‌కే పడతాయి.

ఇప్పుడు చెట్టు సంగతి. 2009 జనవరి చివరి వారంలో విక్టోరియాను వడగాడ్పులు పట్టుకున్నాయి. ఆ వారంలో మామూలుగా సంభవించే మరణాల కంటే 374 ఎక్కువగా నమోదయ్యాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఫిబ్రవరి 7న, మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైన రోజునే చెలరేగిన కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. కార్చిచ్చు చరిత్రలో నిలిచిపోయింది. అంతకు రెట్టింపు మందిని తీసుకుపోయిన ఎండ గురించి మాట్లాడుకునేవారు తక్కువ.

చెట్టు ఎండను రెండు విధాలుగా అడ్డుకుంటుంది. నీడ ఒకటి: తారు రోడ్డు, కాంక్రీటు పగలంతా వేడిని మింగి రాత్రి కక్కకుండా చూస్తుంది. రెండోది ఆకుల చెమట. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి. నేలలో తగినంత తేమ ఉండి, ఒక పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేసిందనుకుంటే, అది పీల్చుకునే వేడి 245 మెగాజౌళ్లు, అంటే విద్యుత్తు లెక్కలో 68 యూనిట్లు. అంత వేడిని ఒక గది నుంచి తోడెయ్యాలంటే ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 13 గంటలు తిరగాలి. అయితే ఏసీ మూసిన గదిలో పనిచేస్తుంది, చెట్టుది బయలు. ఆ చల్లదనాన్ని గాలి ఎత్తుకుపోతుంది. అందుకే వీధికి ఒక్క చెట్టుంటే దాని కింద నిలబడినవారికే సుఖం. అమెరికాలోని మాడిసన్ నగరంలో పరిశోధకురాలు కార్లీ జిటర్ బృందం సైకిలుకు ఉష్ణోగ్రత కొలిచే పరికరం తగిలించి వీధులు తిరిగింది. 2019లో వెలువడిన ఆ పరిశోధన చెప్పింది ఇదే: చెట్ల పందిరి, అంటే పైనుంచి చూస్తే చెట్ల గుబురు కప్పిన నేల, పెరిగినకొద్దీ చల్లదనం ఒకే లెక్కన పెరగదు, ఒక వీధి చుట్టుపక్కల స్థలంలో అది 40 శాతం దాటాకే పగటి వేడి గట్టిగా తగ్గుతుంది.

ఈ 40 శాతం మాట వినగానే పడమటి శివార్లవారికి నవ్వు రావాలి. మెల్‌బోర్న్ తూర్పు శివార్లలో కొండలు, వానలు, వందేళ్ల తోటలు ఉన్నాయి. పడమర వైపు ఏటా కురిసేది 550 మిల్లీమీటర్ల లోపే, అంటే ఇంచుమించు అనంతపురం వర్షపాతం. నేల కింద పాత అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నల్లరాయి, దాని పైన తడిస్తే ఉబ్బి ఎండితే బీటలు వారే బంకమట్టి. మన నల్లరేగడి తీరు తెలిసినవారికి ఈ నేలను వర్ణించి చెప్పనక్కర్లేదు. వేరు దిగడానికి చోటు తక్కువ, వేసవిలో తేమ తక్కువ. పైగా ఆ చెట్టు ఇంటి గోడకు దగ్గరగా ఉంటే మట్టిలోని తేమను లాగేసి పునాదిని కదిలిస్తుందన్న భయం ఒకటి, అది ఉత్త భయమూ కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మైదానం మొదటి నుంచీ అడవి కాదు, గడ్డిభూమి. ఏటి ఒడ్డున రెడ్ గమ్ చెట్లు, మిగతాదంతా నేల మీద పరుచుకున్న రకరకాల గడ్డి, పూలమొక్కలు. ఖమ్మం వైపు కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్‌కు ఆ రెడ్ గమ్ దగ్గరి చుట్టం. ఆ గడ్డిభూమి ఇప్పుడు అక్కడక్కడా ముక్కలుగా మాత్రమే మిగిలింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2008లోనే దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవావరణంగా ప్రకటించింది. కాబట్టి ఖాళీ కనబడిన ప్రతి చోటా చెట్టు నాటేద్దాం అనడం పచ్చదనం మీద ప్రేమ అనిపించుకోదు. నాటవలసింది ఇళ్లు, రోడ్లు, పార్కింగు స్థలాలు ఇప్పటికే పరుచుకున్న చోట. అక్కడ చోటు చేయడమే కష్టం, ఖర్చు.

2025 ఫిబ్రవరిలో విక్టోరియా ప్రభుత్వం విడుదల చేసిన రాష్ట్ర ప్రణాళిక పట్టణ ప్రాంతాల్లో 30 శాతం చెట్ల పందిరిని లక్ష్యంగా పెట్టింది. మెల్‌బోర్న్ నగర కౌన్సిల్ 2012లోనే తన పరిధిలోని వీధులు, పార్కుల్లో 22 శాతం ఉన్నదాన్ని 2040 నాటికి 40 చేస్తానని ప్రకటించింది. శాతాలు బాగానే ఉన్నాయి గాని, వాటిని కొలిచేదెలా? విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి ఎత్తులు కొలవడం మంచి పద్ధతి, ఖరీదైనది. చవకైన పద్ధతిలో ఆకాశం నుంచి తీసిన ఫోటో మీద చుక్కలు యాదృచ్ఛికంగా చల్లి, ఎన్ని చుక్కలు చెట్టు మీద పడ్డాయో లెక్కపెడతారు. 500 చుక్కల్లో 60 చెట్ల మీద పడితే పందిరి 12 శాతం. కాని నమూనా లెక్కల ప్రకారం అసలు విలువ 9కీ 15కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. రెండేళ్ల తర్వాత మళ్లీ 500 చుక్కలు చల్లితే 14 వచ్చిందని సంబరం చేసుకోవడానికి లేదు, 11 వచ్చిందని గగ్గోలు పెట్టడానికీ లేదు. ఏ కౌన్సిల్ నివేదికలోనైనా పందిరి రెండు శాతం పెరిగిందని చదివితే మొదట అడగవలసిన ప్రశ్న: ఎన్ని చుక్కలు?

కొలత కంటే పెద్ద గారడీ మొక్కల సంఖ్యలో ఉంది. గుబురు 12 మీటర్ల వెడల్పున్న చెట్టు కప్పే నేల 113 చదరపు మీటర్లు. నాటిన కొన్నేళ్లకు 2 మీటర్ల గుబురు వేసిన మొక్క కప్పేది 3 చదరపు మీటర్ల పైచిలుకు. ఒక పెద్ద చెట్టు కొట్టేసి దానికి బదులు మూడు నాటామంటే చెవికి ఇంపుగా ఉంటుంది. నీడ లెక్కలో సరిపోవాలంటే 36 నాటాలి, అవన్నీ బతకాలి. ఒక స్థలంలో పాత ఇల్లు పడగొట్టి రెండు కట్టినప్పుడు పెరటి చెట్టు పోతుంది. అది ప్రైవేటు స్థలంలో పోయింది కాబట్టి కౌన్సిల్ నాటిన మొక్కల పట్టికలో ఎక్కడా కనబడదు.

డబ్బు విషయానికి వస్తే, మొక్క నాటడానికి నిధులు దొరకడం అంత కష్టం కాదు. పడమటి శివార్లలో 5 లక్షల మొక్కలు నాటే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వమే చేపట్టింది. మంత్రి పార పట్టుకుంటే ఫోటో వస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వేసవులు ట్యాంకరుతో నీళ్లు పోసేవాడి ఫోటో ఎవరూ తియ్యరు. నీళ్లు, కొమ్మల కత్తిరింపు, కరెంటు తీగలకు తగలకుండా చూడడం, వేరు లేపిన కాలిబాటను సరిచేయడం, ఇవన్నీ ఏటా కౌన్సిల్ సొంత రాబడి నుంచి, అంటే మన పన్ను నుంచి రావాలి. పన్ను పెంపు 2.75 శాతానికి పరిమితమై, కూలీ, ఇంధనం అంతకంటే వేగంగా పెరిగిన ఏడాది ఎక్కడో ఒకచోట కోత పడక తప్పదు. లైబ్రరీ మూస్తే గొడవవుతుంది. నీళ్ల ట్యాంకరు రెండు ట్రిప్పులు తగ్గితే ఎవరికీ తెలియదు, మొక్కకు తప్ప. పైగా ఎండిన మొక్క స్థానంలో మరుసటి ఏడాది కొత్తది నాటితే అదీ "నాటిన మొక్క"గా లెక్కలోకే ఎక్కుతుంది. తెలంగాణ 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమనడంతో ఆగక, నాటినవాటిలో 85 శాతం బతకాలని కూడా నియమం పెట్టింది. అమలు సంగతి ఎలా ఉన్నా, కొలవవలసింది ఏమిటో ఆ చట్టం రాసినవారికి తెలుసు.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. వీధి చెట్టు లాభనష్టాల పంపకం విచిత్రంగా ఉంటుంది. రాలే ఆకులు, గటర్లలో చెత్త, సోలార్ పలకల మీద నీడ ఇవన్నీ ఒకే ఇంటివారికి. లాభం మాత్రం బస్సు కోసం నిలబడినవారికి, బడికి నడిచి వెళ్లే పిల్లలకు, రాబోయే పదేళ్లలో ఆ వీధికి వచ్చే అద్దెదారులకు తలా కాస్త. కౌన్సిల్ సర్వే పెడితే కోపంగా ఉన్న ఆ ఒక్క ఇంటివారు తప్పక జవాబిస్తారు. తలా కాస్త లాభం పొందేవారిలో ఎవరికీ ఆ శ్రమ పడవలసినంత లాభం లేదు, కొందరైతే ఇంకా పుట్టనే లేదు. తమంతట తాము ముందుకొచ్చినవారి మాట ఊరంతటి మాట కాదని గణాంకశాస్త్రం చెప్పే సంగతికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

దీనికి విరుగుడు లాటరీ. 2014లో మెల్‌బోర్న్ నగర కౌన్సిల్ తన పదేళ్ల ఆర్థిక ప్రణాళిక కోసం, ఊరి జనాభాకు అద్దం పట్టేలా యాదృచ్ఛిక పద్ధతిలో 43 మందిని ఎంపిక చేసి, లెక్కల పుస్తకాలు వారి ముందు పెట్టింది. నెలల తరబడి కూర్చుని, అధికారులను, నిపుణులను ప్రశ్నించి వారు ఇచ్చిన సలహాల్లో పన్నును ద్రవ్యోల్బణం కంటే కాస్త ఎక్కువగా పెంచుకోవచ్చన్నది కూడా ఒకటి. "పన్ను పెంచాలా?" అని ఫోనులో అడిగితే వద్దనే మనుషులే, ఆ డబ్బు లేకపోతే ఏమేమి ఆగిపోతాయో చూశాక ఇంకోలా మాట్లాడారు. ఆ తర్వాత రెండేళ్లలోపే రాష్ట్రం పన్ను పరిమితి తెచ్చింది. 2020 స్థానిక ప్రభుత్వ చట్టం ఈ తరహా చర్చను కౌన్సిల్ ప్రణాళికకు, పదేళ్ల ఆర్థిక ప్రణాళికకు తప్పనిసరి చేసింది. పరిమితి దాటి పన్ను పెంచుకోవాలనుకునే కౌన్సిల్ రాష్ట్ర నిత్యావసర సేవల కమిషన్‌కు (ఎసెన్షియల్ సర్వీసెస్ కమిషన్) దరఖాస్తు పెట్టి, పన్ను కట్టేవారి అభిప్రాయాన్ని ఎలా లెక్కలోకి తీసుకుందో చూపించాలి.

అదే నగరంలో ఇంకో ముచ్చట. కొమ్మ విరిగితే ఫిర్యాదు చేయడానికి వీలుగా 2013లో దాదాపు 70 వేల చెట్లకూ ఒక్కో సంఖ్య, ఈమెయిల్ చిరునామా ఇచ్చారు. ఫిర్యాదులతో పాటు ప్రేమలేఖలూ వచ్చాయి, వేల సంఖ్యలో. సర్వే పత్రంలో ఏ గడిలోనూ ఇమడని అభిప్రాయం అలా బయటపడింది.

వార్షిక బడ్జెట్‌కు మాత్రం ఇంత హంగు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ముసాయిదా వెబ్‌సైటులో పెట్టి కొద్ది వారాలు గడువిస్తారు. జూన్ 30లోగా ఆమోదించాలి. అభిప్రాయం రాయడానికి పౌరసత్వం అడగరు, ఇంగ్లీషు బాగా రానవసరమూ లేదు. చెట్ల పేరుతో ఉన్న మొత్తం ఎంతో చూడడం కంటే, అందులో నాటడానికి ఎంత, నాటాక రెండు వేసవుల నీళ్లకు ఎంత, నిరుడు నాటినవాటిలో ఎన్ని బతికాయి అని అడిగితే జవాబు చెప్పక తప్పని ప్రశ్న అవుతుంది. మెల్‌బోర్న్‌లో మొక్కలు నాటేది చలికాలంలో, వానలు పడుతున్నప్పుడు. వాటికి నీళ్లు అవసరమయ్యేది నవంబరు తర్వాత. ఆ నీళ్ల డబ్బు ఏప్రిల్‌లో అడగాలి.