కుట్ల మీద నీళ్లు పడితే ఏమవుతుంది?

సిజేరియన్ అయ్యాక చాలామంది తల్లులు స్నానం అంటేనే భయపడతారు. నీళ్లు తగిలితే కుట్లు చీము పడతాయని, విడిపోతాయని చుట్టూ ఉన్నవాళ్లు హెచ్చరిస్తుంటారు. దాంతో తడిబట్టతో ఒళ్లు తుడుచుకుని రోజులు నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. చర్మం ఎలా మానుతుందో తెలిస్తే ఈ భయంలో సగం పోతుంది. మిగతా సగం ఉండాల్సిందే, కాకపోతే అది వేరే చోట ఉండాలి.

సిజేరియన్ కోత సాధారణంగా పొత్తికడుపు కింది భాగంలో అడ్డంగా, 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. అంచులను దగ్గరికి చేర్చి కుట్టేయగానే చర్మం పై పొరలోని కణాలు రెండు వైపుల నుంచీ పాకడం మొదలుపెడతాయి. దాటాల్సిన దూరం దాదాపు ఏమీ ఉండదు కాబట్టి 24 నుంచి 48 గంటల్లో అవి కలుసుకుని కోతను పైనుంచి మూసేస్తాయి. ఆ తర్వాత పైనుంచి జారిపోయే శుభ్రమైన నీళ్లతో గాయానికి ముప్పు చాలా తక్కువ. ఆపరేషన్ జరిగిన 48 గంటల తర్వాత షవర్ స్నానం చేయవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇందుకే.

ఈ విషయాన్ని ఆస్ట్రేలియా వైద్యులు నేరుగా పరీక్షించి, ఫలితాలను 2006లో ప్రచురించారు. చర్మం మీద చిన్న ఆపరేషన్లు చేయించుకున్న 850 మందికి పైగా రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును మొదటి 48 గంటల్లోనే కుట్లు తడుపుకోనిచ్చారు, రెండో గుంపును పొడిగా ఉంచమన్నారు. ఇన్ఫెక్షన్ తడిపినవాళ్లలో 8.4 శాతం మందికి, పొడిగా ఉంచుకున్నవాళ్లలో 8.9 శాతం మందికి వచ్చింది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి సిజేరియన్ కోతలు కావు కాబట్టి ఆ లెక్కను ఉన్నదున్నట్టుగా ఇక్కడికి తెచ్చుకోలేం. అయినా నీళ్లు తగలడమే నేరం కాదని మాత్రం అర్థమవుతుంది.

అయితే నీళ్లు తగలడం వేరు, నీళ్లలో నానడం వేరు. పై పొర మూసుకున్నంత మాత్రాన గాయానికి బలం వచ్చినట్టు కాదు. మూడు వారాలు గడిచినా కొత్త చర్మానికి మామూలు చర్మంలో మూడో వంతు బలం కూడా ఉండదు. కొన్ని నెలలకు 80 శాతం దాకా వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. దాని కింద కొవ్వు పొర, కండరాలను కప్పే గట్టి పొర, గర్భాశయం, ఇలా ఒక్కోటీ తన వేగంతో మానుతూ ఉంటాయి. టబ్బులో చాలాసేపు కూర్చుంటే చర్మం నాని మెత్తబడి, సూక్ష్మజీవులను అడ్డుకునే శక్తి తగ్గుతుంది. పైగా గర్భాశయంలో మాయ ఊడిన చోటు ఇంకా పచ్చిగానే ఉంటుంది, రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు సాగుతుంది. అందుకే టబ్బు, ఈతకొలను లాంటివాటికి డాక్టర్ చూసి సరేననేదాకా ఆగడం మంచిది.

నన్నడిగితే, మొదటి స్నానానికి కుట్ల కన్నా బాత్రూమ్ నేలను చూసి ఎక్కువ భయపడాలి. సిజేరియన్‌లో అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం పోవడం మామూలే. ఆ నీరసానికి వేడినీళ్లు తోడైతే రక్తనాళాలు వెడల్పయి బీపీ తగ్గుతుంది. నొప్పి మాత్రల మత్తు ఉంటే ఇక చెప్పక్కర్లేదు, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. కాబట్టి గోరువెచ్చని నీళ్లు చాలు. స్టూలు మీద కూర్చుని పోసుకోవాలి, తలుపు గడియ పెట్టకూడదు, పిలిస్తే పలికేంత దూరంలో ఎవరో ఒకరు ఉండాలి. నీళ్లు నిండిన బకెట్ తల్లి ఎత్తకూడదు.

వేడి విషయంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. కోతతో పాటు చర్మంలోని సన్నని నరాలు కూడా తెగుతాయి. అందుకే కుట్ల చుట్టూ నెలల తరబడి స్పర్శ సరిగా తెలియదు. ఆ చోట నీళ్లు కాలుతున్నా తెలియకపోవచ్చు. వేడి ఎంతుందో చేత్తో చూసుకున్నాకే పోసుకోవాలి.

కుట్లను రుద్దక్కర్లేదు. ఘాటు వాసన లేని సబ్బు నురగ పైనుంచి జారితే సరిపోతుంది. డెట్టాల్ లాంటి క్రిమిసంహారకాలు పోస్తే మేలు జరగకపోగా కొత్త కణాలకు దెబ్బ తగలవచ్చు. సన్నని టేపు ముక్కలు అంటించి ఉంటే పీకకూడదు, వాటంతటవే ఊడతాయి. కుట్లకు బదులు జిగురు వాడి ఉంటే దాని మీద ఆయింట్‌మెంట్ రాయకూడదు, జిగురు కరుగుతుంది. కట్టు ఎప్పుడు తీయాలో, అది తడవచ్చో లేదో డిశ్చార్జ్ అయ్యే ముందే అడిగి తెలుసుకోవాలి.

నా దృష్టిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది స్నానం తర్వాతి ఐదు నిమిషాల మీద. పొత్తికడుపు చర్మం వేలాడి కోత మీద మడత పడితే చెమ్మ అక్కడే నిలిచిపోతుంది, వెచ్చగా, తడిగా ఉన్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. మడతను మెల్లగా పైకెత్తి, శుభ్రమైన మెత్తని తువ్వాలుతో అద్ది, కాసేపు గాలి తగలనివ్వాలి. తర్వాత నడుము మీదిదాకా వచ్చే వదులైన నూలు లోదుస్తులు వేసుకుంటే కోత మీద ఒరుసుకోదు.

అదే సమయంలో అద్దంలో కోతను చూసుకోవాలి, కనిపించకపోతే ఇంట్లోవాళ్లను చూడమనాలి. ఇన్ఫెక్షన్ చాలావరకు ఇంటికి వచ్చేశాకే బయటపడుతుంది. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, నొప్పి తగ్గాల్సింది పెరుగుతున్నా, చీము, దుర్వాసన, అంచులు విడిపోవడం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం ఏది కనిపించినా తర్వాతి చెకప్ దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుడుతుంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి కాబట్టి దానికీ అంతే తొందర అవసరం.