మన ఇంటిపేరు నీరటి

నల్లకుంట, హైదరాబాద్

బిడ్డా, చిన్నోడా,

మొన్న మీరు ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే జవాబు చెబితే సగమే చెప్పినట్టవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. టెన్త్ పరీక్షకు బడి పంపే పేర్ల జాబితా, అదే నామినల్ రోల్‌లో పేరు నింపాలి, మన ఇంటిపేరుకు ఇంగ్లీషులో టీ రాయాలా, డీ రాయాలా అని నువ్వడిగావు. పక్కనుంచి చిన్నోడు, "ఇంటిపేరంతా ఎందుకక్కా, ఉత్త ఎన్ అని పెట్టెయ్. క్లాసులో ఎవరికీ లేని పేరు, అందరూ ఏడిపిస్తారు" అన్నాడు. ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. మా నాయనకూ ఒకప్పుడు ఇదే బాధ. అందుకే మొదటినుంచీ చెబుతాను. మీ దోస్తులకు కూడా చదివి వినిపించండి. వాళ్లలో సుంకరి వాళ్లో, తలారి వాళ్లో, బేగరి వాళ్లో ఉంటే ఇంకా మంచిది, అవి కూడా మన పేరులాగే ఊరి పనుల మీద వచ్చినవి, ఇందులో వాళ్ల కథ కూడా కొంత ఉంది.

నీరటి అంటే ఊరి చెరువు నీళ్లను పొలాలకు పంచే మనిషి. నీరటికాడు అని కూడా అంటారు. జనం నోట్లో అది నీరడి అయింది. ఈ డ కూడా చిన్నది కాదు. హైదరాబాద్ రాష్ట్రం 1955లో ఇనాముల రద్దు చట్టం చేసినప్పుడు, ఊరి సేవకు బదులుగా ఇచ్చిన ఇనాం భూముల గురించి చెబుతూ సేత్‌సింధి, నీరడి, బలుతా అని పేర్లు పెట్టి మరీ రాశారు. మన ఇంటిపేరు ఒక రాష్ట్ర చట్టంలో ఉందని నాకు నలభై ఏళ్లు దాటాక గాని తెలియలేదు. తెలిసిన రోజు ఆ పేజీ జిరాక్స్ తీయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక ఆ పని ఏమిటో చెప్పాలి. మన తెలంగాణ ఎత్తుపల్లాల నేల. వాన నాలుగు నెలలే. పడ్డ నీటిని ఆపుకోకపోతే వాగులో పడి వెళ్లిపోతుంది. అందుకని మనవాళ్లు వాలుకు అడ్డంగా కట్టలు వేసి, ఒక చెరువు నిండితే దాని మత్తడి నీళ్లు కింది చెరువులోకి పోయేలా గొలుసుగా కట్టుకున్నారు. కాకతీయుల కాలంలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు, దాని దగ్గరే చెరువూ ఉంది. ఆ గుడిని చూడటానికి ఇప్పుడు ప్రపంచమంతా వస్తోంది, వచ్చినవాళ్లలో చెరువు కట్ట ఎక్కేవాళ్లు తక్కువ. మీరు వెళ్తే మాత్రం ఎక్కండి. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు లెక్క తీస్తే రాష్ట్రంలో చెరువులు, కుంటలు కలిపి 46 వేల పైచిలుకు తేలాయి. ఇన్ని చెరువులుంటే వాటి తూములు తీసేవాళ్లు, మూసేవాళ్లు ఎంతమంది ఉండాలో ఆలోచించండి.

మా తాత అలాంటివాడు. మెదక్ జిల్లాలో చిన్న ఊరు మాది. నాకు పదేళ్లప్పుడు, నాట్ల రోజుల్లో, చీకటితోనే నన్ను లేపి కట్ట మీదికి తీసుకుపోయేవాడు. భుజాన గొంగడి, చేతిలో పార, నా చేతిలో కందిలి. చెరువులో ఒడ్డుకు కొంచెం లోపలగా రెండు రాతి స్తంభాలు ఉండేవి. వాటి మధ్య నిలువుగా ఒక పొడుగు కట్టె. కట్టె కింది కొసన ఒక మొద్దు, అది అడుగున ఉన్న రాతి రంధ్రంలో బిరడాలాగా కూర్చుంటుంది. మా తాత నడుముల్లోతు నీళ్లలో దిగి, స్తంభం మీది అడ్డరాయి ఎక్కి, కట్టెను రెండు చేతులతో పట్టి మెల్లగా పైకి లాగేవాడు. ఒక్కసారిగా లాగేవాడు కాదు. మొదట ఏమీ వినపడదు. కాసేపటికి మన కాళ్ల కింద, కట్ట కడుపులో, గుడగుడమని చప్పుడు మొదలవుతుంది. అప్పుడు నేను కట్టకు అవతలి వైపు పరిగెత్తేవాణ్ని. తూము నోట్లోంచి నీళ్లు కాలువలోకి దూకుతుండేవి, వాటితోపాటు చిన్న చిన్న చేపలు కూడా.

తూము తీయడం పనిలో పదో వంతే. తర్వాత ఆ నీళ్లు ఎవరి మడికి ఎంతసేపు పోవాలో చూడాలి. కాలువ పొడుగునా నడుస్తూ ఒకచోట మట్టి తీయాలి, ఇంకోచోట వేయాలి. మా తాతకు గడియారం లేదు. మడిలో కాలు పెట్టి నీరు చీలమండ దాకా వచ్చిందా లేదా చూసేవాడు, వస్తే మళ్లించేవాడు. రైతు ఎంత పెద్దవాడైనా తూము మీద చేయి వేయకూడదు, అది ఊరి కట్టుబాటు. ఊరు మా వాళ్లకిచ్చిన ఇనాం చెక్క మాత్రం ఆయకట్టు కొసన ఉండేది. పై మళ్లన్నీ తడిసి, నీళ్లు మిగిలితేనే మా చెక్కకు వచ్చేవి. నీళ్లు పంచేవాడికి కొస మడి ఇవ్వాలని మొదట ఎవరికి తోచిందో గాని, ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

వానలు సరిగా పడని ఏడు యాసంగికి, అంటే రబీ పంటకు, చెరువు సగమే ఉండేది. అప్పుడు ఊరంతా కట్ట మీద మర్రి కింద కూర్చుని తైబందీ చేసుకునేవాళ్లు. అంటే ఉన్న నీళ్లకు ఆయకట్టులో ఎంత భాగం సాగు చేయొచ్చో తేల్చి, ఆ భాగంలోనే అందరికీ వాటా వేసుకోవడం. మిగతా నేల ఆ పంటకు బీడే. ఆ మాట తేలేముందు పటేలు, పట్వారీ కూడా మా తాత వైపే చూసేవాళ్లు. ఈ నీళ్లు ఎన్ని తడులకొస్తాయో చెప్పగలిగినవాడు ఆయనే. పంట కోశాక కల్లం కాడికి పోతే ప్రతి రైతూ ధాన్యంలో ఆయన వాటా, మేర, కొలిచిపెట్టేవాడు. అదే ఆయన జీతం.

ఇప్పుడు మన పేరు ఎక్కడెక్కడ ఉందో చెబుతాను. నేను ముప్పై రెండేళ్లు టీచరుగా చేశాను. ప్రతి ఎలక్షన్ డ్యూటీలోనూ ఓటర్ల జాబితా చేతికొస్తే ముందు మన ఇంటిపేరు వెతికేవాణ్ని. మెదక్, సంగారెడ్డి, కామారెడ్డి, నిజామాబాద్ వైపు ఊళ్లలో కనబడింది. కనబడిన చోట కూడా రెండిళ్లు, మూడిళ్లు, మహా అయితే అయిదు. ఎక్కడా వాడకు వాడ మనవాళ్లే ఉన్న ఊరు చూడలేదు. దీనికి కారణం మీరే చెప్పగలరు. ఊరికో చెరువు, చెరువుకో నీరటి. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరైతే ఒక్కచోట పుట్టి అక్కడినుంచి నాలుగు దిక్కులకూ పోతుంది. పనిమీద వచ్చిన పేరు ఒకేసారి పది ఊళ్లలో పుడుతుంది, ప్రతి ఊళ్లోనూ పలచగానే ఉంటుంది.

అందుకే ఇద్దరు నీరటివాళ్లు కలిస్తే చుట్టాలై ఉండాలని లేదు. కులం కూడా ఒకటే కానక్కర్లేదు. కొన్ని ఊళ్లలో దళిత కుటుంబాలు ఈ పని చేశాయి, కొన్ని ఊళ్లలో ముదిరాజులు చేశారు. మా చెల్లెలికి నిజామాబాద్ వైపునుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్లాడు ఉద్యోగస్తుడు, కులం మన కులమే, అన్నీ కుదిరాయి. ఇంటిపేరు దగ్గర ఆగిపోయింది. వాళ్లదీ నీరటే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస కదా, ఎలా చేస్తామని పెద్దలన్నారు. రెండు ఊళ్లకు మధ్య వంద కిలోమీటర్లున్నాయి, రెండు చెరువులు వేరు, రెండు కుటుంబాలకు ఏ సంబంధమూ లేదని నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ సంబంధం పోయింది. ఇప్పటికీ నాకు ఆ బాధ తగ్గలేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఈ పేరు నాకు తగల్లేదు. అక్కడ కూడా నీళ్లు పంచాలిగా అంటారేమో. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో వచ్చాయి. అప్పటినుంచి కాలువలు సర్కారువి, లాకులు తిప్పేవాళ్లు జీతం తీసుకునే లస్కర్లు. ఇవాళ ఈ లాకు దగ్గర ఉన్నవాడు రేపు బదిలీ అయి ఇంకో లాకుకు పోతాడు. అలాంటి ఉద్యోగం ఇంటిపేరు కావడం కష్టం. లడఖ్‌లో కూడా మా తాతలాంటి మనిషే ఉంటాడు, మంచు కరిగిన నీళ్లను పొలాలకు పంచుతాడు, అతన్ని చుర్‌పోన్ అంటారు. కాకపోతే అక్కడ ఆ బాధ్యత వంతులవారీగా ఇంటింటికీ మారుతుంది. మనకేమో తండ్రినుంచి కొడుక్కి వచ్చింది. పని ఇంటిని వదలకుండా ఉన్నచోటే అది ఇంటిపేరు అయిందని నా నమ్మకం.

చెరువుల దేశమంతా ఈ మనిషి ఉన్నాడు, పిలుపు మారిందంతే. కోలారు వైపు కన్నడంలో నీరుగంటి అంటారు. తమిళంలో నీర్‌కట్టి. మహారాష్ట్రలో ధూలే, నాసిక్ వైపు పాట్‌కరీ. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ అనే దొర 1810లోనే ఊరికి ఉండే పన్నెండుమంది సేవకుల లెక్క చెబుతూ, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి సరసన నీరుగంటిని కూడా చేర్చాడు.

ఇంతవరకూ చెప్పింది విని మన పేరు చుట్టూ అంతా గౌరవమే ఉందనుకోకండి. ఇందులో వెట్టి కూడా ఉంది. అర్ధరాత్రి కట్టకు గండి పడుతోందంటే జ్వరంతో ఉన్నా లేచి పోవాలి. పోనంటే కుదరదు, కొడుకుని బడికి పంపుతానన్నా ఊరుకోరు. బేగరి అన్న పేరులో బేగార్ ఉంది, అంటే కూలి లేని చాకిరీ. మా నాయన మా ఇంట్లో బడికి పోయిన మొదటివాడు. నిజాం కాలం, ఉర్దూ చదువు. బళ్లో ఆయన్ని పేరుతో పిలవలేదు, "నీరటోడి కొడకా" అన్నారు. తర్వాత ఒక గుమాస్తా ఆయన కాగితాల్లో ఇంటిపేరు బదులు ఊరి పేరు రాసి, "ఇదే నీకు బాగుంటుంది" అన్నాడట. మా నాయన ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా తాత ఏమీ అనలేదు. మర్నాడు తన పార ఇంట్లో పెట్టేసి, పన్నెండు మైళ్లు నడిచి పోయి, ఆ కాగితం దిద్దించుకొచ్చాడు. ఆయనకు చదవడం రాదు. మూడు అక్షరాలూ ఉన్నాయా అని బయట కూర్చున్న ఇంకొకరితో చదివించుకుని మరీ వచ్చాడు.

ఊళ్లలో ఆ పని పేరు మొన్నటిదాకా జనం నోట ఉంది. మా బాబాయి మనవడు వీఆర్ఏగా, అంటే గ్రామ రెవెన్యూ సహాయకుడిగా చేసేవాడు. ఊళ్లో మాత్రం అందరూ నీరటి అనే పిలిచేవాళ్లు. 2023లో ప్రభుత్వం వీఆర్ఏ వ్యవస్థ తీసేసి, 20 వేల మందికి పైగా వేరే శాఖల్లో సర్దింది. మనవాడిని నీటిపారుదల శాఖకే పంపారు. ఇప్పుడు నెలనెలా జీతం. ఫోన్ చేసి, "పెద్దనాయనా, మళ్లీ తూము కాడికే వచ్చిన" అన్నాడు, ఆ గొంతులో సంతోషం నాకు వినబడింది.

హైదరాబాద్‌లో చెరువెక్కడుంది తాతా అంటారేమో. నేనుండే నల్లకుంట పేరులోనే కుంట ఉంది. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా చెరువు. ట్యాంక్‌బండ్ అంటే అక్షరాలా చెరువు కట్టే. 1562లో హుస్సేన్ సాగర్‌కు కట్టిన కట్ట మీదే మీ స్కూల్ బస్సు రోజూ పోతోంది. ఈసారి కట్ట దిగువకు వెళ్లినప్పుడు కట్ట మైసమ్మ గుడి దగ్గర ఆగండి. చెరువు కట్టను కాపాడే తల్లి ఆమె. మా తాత మొదటి తూము తీసేముందు మా ఊరి మైసమ్మకు కొబ్బరికాయ కొట్టేవాడు.

మీ అపార్ట్‌మెంట్ ముందు రోజు విడిచి రోజు పొద్దున్నే ఒకాయన వస్తాడు చూడండి, రోడ్డు మధ్య ఇనుప మూత తీసి, టీ ఆకారంలో ఉన్న పొడుగు కడ్డీ లోపల పెట్టి తిప్పుతాడు. అరగంటకు ఆ వీధి కట్టేసి పక్క వీధికి తిప్పుతాడు. ఎండాకాలంలో ఆయన మీద అందరూ అరుస్తారు, ఆ వీధికి పది నిమిషాలు ఎక్కువిచ్చావని. ఆయన్ని ఒకసారి పలకరించి, మా తాతల తాతలూ ఇదే పని చేశారని చెప్పు చిన్నోడా. ఏమంటాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇక నువ్వడిగిన టీ, డీ సంగతి. నీ బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో టీ ఉంది. తమ్ముడి ఆధార్‌లో డీ పడింది. నామినల్ రోల్‌లో నువ్వు టీతోనే రాయి, టెన్త్ మెమోలో ఏముంటే జీవితాంతం అదే నడుస్తుంది. పూర్తి పేరు రాయి, పొడి అక్షరం వద్దు. శనివారం నేనొస్తాను, మీసేవకు పోయి వాడిది కూడా మార్పిద్దాం. మా తాత దిద్దించుకొచ్చిన కాగితం నా ట్రంకు పెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగిపోతోంది, అందుకని లామినేషన్ చేయించి తెస్తున్నాను.

ఇట్లు,
మీ తాత