సెక్యూరిటీ కమాండ్ సెంటర్: అపోహలు - వాస్తవాలు

నేను ఓ పెద్ద సంస్థ కమాండ్ సెంటర్‌లో, అంటే భవనాల కెమెరాలు, తలుపులు, అలారాలన్నిటినీ ఒకే చోటి నుంచి గమనించే గదిలో, షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. కొత్తగా పరిచయమైన వాళ్లు ముందు అడిగేది ఒకటే: "రోజంతా కెమెరాలు చూస్తూ కూర్చుంటారా?" బడ్జెట్ ఇచ్చేవాళ్లు కూడా అలాగే అనుకుంటే డబ్బంతా గోడ మీది తెరలకే పోతుంది. మనుషుల శిక్షణకు ఏమీ మిగలదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: స్క్రీన్లు ఎన్ని ఉంటే అంత భద్రత.

మనిషి కన్ను అంతసేపు ఓపిక పట్టలేదు. రాడార్ ఆపరేటర్లు తెర మీది గుర్తులను ఎందుకు మిస్సవుతున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. డయల్ మీద ముల్లు అప్పుడప్పుడు మామూలుకంటే రెట్టింపు దూరం దూకుతుంది, అది కనిపెట్టాలి. పరీక్ష రెండు గంటలు. మొదటి అరగంట గడిచేసరికే తప్పులు పెరిగాయని 1948లో ప్రచురించాడు. మా గదిలోనూ కళ్లు ఎక్కువగా ఉండేది అలారం జాబితా మీదే. ఒక తలుపు మోగితే ఆ తలుపు కెమెరా దానంతటదే తెర మీదికి వస్తుంది. అది చూసి ఏం చేయాలో తేల్చుకోవడమే అసలు పని.

అపోహ: అలారం మోగితే చాలు, మిగతాది జరిగిపోతుంది.

ఒక సైట్‌లో సర్వర్ రూమ్ వెనక తలుపు రోజూ రాత్రి రెండున్నర ప్రాంతంలో 'డోర్ ఫోర్స్‌డ్' (తలుపు బలవంతంగా తెరిచారు) అని మోగేది. వీడియోలో ఎవరూ కనిపించరు. మొదటి వారం గార్డును పంపాం. రెండో వారానికి క్లిక్ చేసి అలారం ఆపేయడం అలవాటైపోయింది. లాగ్‌లో రోజూ అదే వాక్యం: 'చెక్ చేశాం, అంతా ఓకే.' నేనూ అదే రాశాను. ఒక రాత్రి కొత్తగా చేరిన అమ్మాయి వాకీటాకీలో, "అన్నా, అక్కడే ఉండి తలుపు మీద చెయ్యి పెట్టి చూడండి" అని గార్డును అడిగింది. ఒక ఏసీ యూనిట్ ఆగి మరొకటి ఆన్ అయినప్పుడల్లా గాలి ఒత్తిడికి తలుపు కదులుతోంది. లాచ్ సరిగ్గా పడటం లేదు. అంటే రెండు వారాలుగా ఆ తలుపు నిజంగానే తెరిచి ఉన్నట్టు లెక్క. మేం ఫాల్స్ అలారం అనుకున్నది నిజమే చెబుతోంది.

2013లో అమెరికాలో టార్గెట్ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడినప్పుడు జరిగిందీ ఇలాంటిదే. అలర్టులు వచ్చాయి, సమయానికి ఎవరూ కదలలేదు. దాదాపు 4 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి వచ్చింది ఏసీ, రిఫ్రిజిరేషన్ పనులు చేసే కాంట్రాక్టర్ లాగిన్‌తో. బిల్డింగ్ సెక్యూరిటీ వేరు, సైబర్ వేరు అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఒక ఉద్యోగి బ్యాడ్జ్ ఇక్కడ గేటు దగ్గర స్వైప్ అయిన సమయానికే అతని లాగిన్ మరో దేశం నుంచి వస్తే, విడివిడిగా చూసే రెండు టీమ్‌లకూ అది మామూలుగానే కనిపిస్తుంది.

అపోహ: అలారాలు లేకపోతే అంతా బాగున్నట్టే.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. జనాల అప్పుల చరిత్ర నమోదు చేసే అమెరికా సంస్థ ఈక్విఫాక్స్‌లో 2017లో డేటా చోరీ జరిగింది. అక్కడ నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను తనిఖీ చేసే పరికరం పనిచేయడానికి కావలసిన డిజిటల్ సర్టిఫికెట్ గడువు నెలల ముందే తీరిపోయింది. ఎవరూ గమనించలేదు. కొత్త సర్టిఫికెట్ పెట్టగానే అనుమానాస్పద ట్రాఫిక్ బయటపడింది. కానీ అప్పటికే రెండున్నర నెలలుగా చోరీ సాగుతోంది. 14 కోట్ల మందికి పైగా సమాచారం పోయింది. అందుకే షిఫ్ట్ ఎక్కగానే నేను ముందు చూసేది అలారాలు కాదు, పనిచేయని కెమెరాలు, సెన్సర్ల జాబితా.

అపోహ: ఇదంతా ఉద్యోగులపై నిఘా.

ఈ భయం ఊరికే రాలేదు, దుర్వినియోగానికి అవకాశం ఉంది. అందుకే ఏ వీడియోను ఎవరు తెరిచారో కూడా సిస్టమ్‌లో నమోదు కావాలి. ఫలానా ఆయన ఎన్నింటికి వచ్చాడని ఏ మేనేజరైనా ఫోన్ చేసి అడిగితే నేను చెప్పను. రాతపూర్వక అనుమతి అడుగుతాను. ఫైర్ అలారం మోగినప్పుడు లోపల ఇంకా ఎవరు మిగిలారో వెతకడానికి పనికొచ్చేది కూడా ఆ బ్యాడ్జ్ డేటానే.

అపోహ: ఏదైనా జరిగితే పైవాళ్లకు ఫోన్ చేస్తారు కదా.

రాత్రి మూడింటికి పైవాళ్లు ఫోన్ ఎత్తేదాకా మంటలు ఆగవు. తలుపులు లాక్ చేయడం, ఫైర్ సర్వీస్‌ను పిలవడం, భవనం ఖాళీ చేయించడం: ఈ మూడూ ఎవర్నీ అడగకుండా చేసే అధికారం మా ఆపరేటర్లకు రాతపూర్వకంగా ఉంది. అది సాధించడానికి మాకు ఏడాది పట్టింది. సంతకాలతో ఉన్న ఆ కాగితాన్ని ల్యామినేట్ చేసి ప్రతి డెస్క్ మీదా పెట్టాం.