ఎక్కడికని అడుగుతుంది, ఎవరిదని అడగదు

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది. ఫోన్‌లో రోజూ మిగిలిపోయే డేటా ఉంది. ఆఫీసు మీటింగ్ బ్రాడ్‌బ్యాండ్ మీద నడవాలి, పిల్లాడి గేమ్ అప్‌డేట్ ఫోన్ డేటా మీద దిగాలి. 2020 లాక్‌డౌన్‌లో సొంతూరి నుంచి ఆఫీసు పని చేసినవాళ్లకి ఈ ఆలోచన కొత్త కాదు. లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, హాట్‌స్పాట్ కూడా కలిపితే రెండూ కనెక్ట్ అయినట్టే కనిపిస్తాయి. డేటా మాత్రం దాదాపు అంతా ఒక్కదాని మీదే పోతుంది.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి 'రూట్ ప్రింట్' అని కొడితే సంగతి తెలుస్తుంది. 0.0.0.0తో మొదలయ్యే వరసలు రెండు ఉంటాయి. మిగతా ప్రపంచమంతా ఇటే అని వాటి అర్థం. వరస చివర మెట్రిక్ అనే అంకె ఉంటుంది. నా లాప్‌టాప్‌లో గిగాబిట్ కేబుల్‌కి 25, వైఫైకి 50. తక్కువ అంకెదే గెలుపు, రెండోది ఊరికే కూర్చుంటుంది. ఆ పట్టిక మొత్తం వెతికినా క్రోమ్ అనో జూమ్ అనో పేరు కనిపించదు.

కనిపించే వీలే లేదు. ఇంటర్నెట్‌లో ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఎలా పోవాలో చెప్పేది ఐపీ. 1981 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 791 అనే నియమాల పత్రంగా వచ్చిన ఆ ప్రమాణంలో, ఏ ప్రోగ్రామ్ పంపిందో రాసే గడే లేదు. రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషి కవరు మీద ఊరు, పిన్‌కోడ్ చూసి సంచిలో పడేస్తాడు. రాసింది పెద్దాయనా, చిన్న పిల్లాడా అన్నది ఆయనకి అక్కర్లేదు. రూటర్ పనీ అంతే.

ఒక మెషీన్‌కి రెండు లైన్లు ఉంటే ఏంటన్న ప్రశ్న అప్పుడే రాలేదని కాదు. 1989 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 దీన్ని చర్చించి స్ట్రాంగ్, వీక్ అని రెండు పద్ధతులు చెప్పి, ఏది పాటించాలో తేల్చకుండా వదిలేసింది. స్ట్రాంగ్‌లో ఒక కనెక్షన్ అడ్రసుతో బయల్దేరిన ప్యాకెట్ ఆ కనెక్షన్ లోంచే పోవాలి. వీక్‌లో ఎటు నుంచైనా పోవచ్చు. విండోస్ విస్టా వెర్షన్ నుంచి మొదటి దారి పట్టింది, విండోస్ లాంటి మరో సిస్టమ్ లినక్స్ రెండోదానిలోనే ఉండిపోయింది. అందుకే ఫైళ్లు దింపే టొరెంట్ ప్రోగ్రామ్‌లో 'ఈ అడ్రసుకే కట్టుబడు' అని పెడితే విండోస్‌లో పని అవుతుంది. లినక్స్‌లో అదే చేస్తే ప్యాకెట్ ఫోన్ అడ్రసు పెట్టుకుని బ్రాడ్‌బ్యాండ్ గుమ్మంలోంచి బయటికెళ్తుంది, చాలాసార్లు జవాబు రాదు. ఇలాంటివి ఒక పూట తినేస్తాయి.

మధ్యలో పక్కదారులు దొరికాయి. 1992లో బయటికొచ్చిన సాక్స్ ప్రాక్సీ, అంటే ప్రోగ్రామ్ తరఫున బయటికెళ్లే మధ్యవర్తి, నిజానికి ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్స్ కోసం పుట్టింది. కానీ ప్రాక్సీ సెట్టింగ్ ఉన్న ప్రోగ్రామ్‌ని రెండో లైను మీద నడిచే ప్రాక్సీకి తగిలిస్తే పని గడిచిపోతుంది. గేమ్ సర్వర్ అడ్రసు తెలుసుకుని, ఆ ఒక్క అడ్రసుకి పట్టికలో వేరే దారి రాసుకునేవాళ్లూ ఉండేవారు. ఇప్పుడు అదీ చాలాసార్లు కుదరదు. వీడియో, గేమ్, వార్తల సైట్ తరచూ ఒకే సీడీఎన్ కంపెనీ (చాలా సైట్ల డేటాని తన సర్వర్ల నుంచి అందించేది) అడ్రసుల వెనకే ఉంటున్నాయి.

అసలు మలుపు లినక్స్‌లో వచ్చింది. 1999 జనవరిలో 2.2 కెర్నల్‌తో (కెర్నల్ అంటే సిస్టమ్‌కి గుండెకాయ) ఒక్క పట్టిక బదులు చాలా పట్టికలు, ఏది ఎప్పుడు చూడాలో చెప్పే రూల్స్ వచ్చాయి. అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసిన ఐపీరూట్2 దానికి పనిముట్టు. ఆ తర్వాత ప్యాకెట్ ఏ యూజర్‌ది, అంటే ఆ కంప్యూటర్‌లో ఏ ఖాతాది, అని చూసి గుర్తు వేసే వీలు కూడా దొరికింది. ప్యాకెట్ మీద ఏమీ రాసి లేకపోయినా పంపింది ఏ యూజర్ అన్నది కెర్నల్‌కి తెలుసు. దాంతో కొందరు ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో దొంగ యూజర్‌ని సృష్టించి పని నడిపించారు. నాకు చాలా ముచ్చటేసిన కిటుకు ఇది.

లినక్స్ కెర్నల్ మీదే నడిచే ఆండ్రాయిడ్‌లో ఆ కిటుకే పునాది. అక్కడ ప్రతి యాప్‌కీ పదివేల పైన ఒక యూజర్ నంబరు ఉంటుంది. పదిమంది పంచుకునే మెషీన్ల కోసం లినక్స్‌కి ముందుతరమైన యూనిక్స్ పెట్టిన యూజర్ అనే గీత, ఫోన్‌లో యాప్‌కీ యాప్‌కీ మధ్య గోడ అయింది. దీని అవసరం మొదట తెచ్చిపెట్టినవాటిలో మనం పెద్దగా వాడని ఎంఎంఎస్, అంటే ఫొటోలు పంపే మెసేజ్, ఒకటి. వైఫై మీద ఉన్నా అది సిమ్ కంపెనీ డేటా మీదే పోవాలి. పాత ఆండ్రాయిడ్ ఆ సర్వర్ ఒక్కదానికి పట్టికలో దారి రాసి సర్దుకునేది. 2014లో 5.0 వచ్చాక యాప్ తనకి కావలసిన నెట్‌వర్క్‌ని తనే అడిగి తీసుకోగలుగుతోంది, డేటాని వేరే సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ కూడా యాప్ వారీగా పెట్టుకోవచ్చు. యూజర్ నంబరు చూసి దారి ఎంచే రూల్ 2017లో 4.10తో అసలు లినక్స్ కెర్నల్‌లోకీ చేరింది.

విండోస్‌లో మాత్రం ఇప్పటికీ బయటి టూల్సే దిక్కు. అవి ప్రోగ్రామ్ లోపలికి దూరి, అది కనెక్షన్ తెరిచేటప్పుడు ఏ లైను అడ్రసుతో బయల్దేరాలో మార్చేస్తాయి. అలా చేసినా గేమ్ ఫోన్ మీద దిగుతుంటే, ఆ సర్వర్ పేరుకి అడ్రసు ఏంటని అడిగే ప్రశ్న మాత్రం చాలాసార్లు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ దగ్గరికే పోతుంటుంది. ఆ ప్రశ్న అడిగేది గేమ్ కాదు, దాని తరఫున విండోస్.